రెండో సాక్షి

శుక్రవారం ఉదయం పుట్టిన పిల్ల ఏడవడానికి కొంచెం ఆలస్యం చేసింది. టాన్ రుఫీనా కంగారుపడలేదు. చిటికెన వేలికి మెత్తటి గుడ్డ చుట్టి నోట్లో జిగురు తీసింది, అరికాలి మీద చిన్నగా రెండు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకి చెయ్యెత్తుతుండగానే పిల్ల కెవ్వుమంది. వసారాలో నిలబడ్డ తండ్రి గోడకి చేరబడిపోయిన చప్పుడు లోపలికి వినిపించింది.

ఉడికించిన కత్తెరతో బొడ్డు కోసి, నాడా రెండు ముళ్ళు వేసి కట్టి, రెండు కళ్ళలోనూ మందు చుక్కలు వేసింది. పిల్ల మొహం చిట్లించుకుంటే, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూ కళ్ళ మీద ఊదింది. ఊదమని నేవీ నర్సులు నేర్పలేదు. నలభై ఏళ్ళుగా సంచీలో కత్తెర లెక్క, గోళ్ళ పొడుగు, ఆప్రాన్ తెలుపు అన్నీ వాళ్ళ తనిఖీ ప్రకారమే నడిచాయి గానీ, ఊదడం మటుకు ఆవిడ సొంతం.

"ఆడపిల్లరా హెనారో, రా" అంది.

హెనారో లోపలికొచ్చి పిల్లని చూసి, నవ్వాలో ఏడవాలో తేలక, "ఇంకో నాలుగు రోజులాగితే పౌరురాలై పుట్టేది కదా! మీరే తొందరపెట్టేసుంటారు" అన్నాడు.

"నేనా? తొందరెవరిదో తొమ్మిదినెలల కిందటి సంగతి, నీ పెళ్ళాన్నడుగు."

మంచం మీద మనిషి నీరసంలోనే నవ్వింది.

నాలుగు రోజుల మాట గువామ్‌లో ఇంటింటా ఉంది. దీవిని అమెరికా నేవీ చేతుల్లోంచి తీసి పౌర ప్రభుత్వానికిచ్చే చట్టం, ఇక్కడి మనుషుల్ని అమెరికా పౌరుల్ని చేసే చట్టం, మంగళవారం వాషింగ్టన్‌లో సంతకానికి వెళుతుందని రేడియోలో చెప్పారు. ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ వర్తిస్తుందన్నారు. పుట్టినట్టు కాగితం చూపించడమే తంటా. ఆరేళ్ళ కిందటి బాంబుల్లో జ్ఞానస్నానం పుస్తకాలు చర్చితో పాటు కాలిపోయాయి. కాగితం లేనివాళ్ళ కోసం ఊరి కమిషనర్ టున్ సెవెరో జాబితా రాస్తున్నాడు. అక్కడ పెద్ద మగవాళ్ళ పేరుకి ముందు టున్, పెద్ద ఆడవాళ్ళ పేరుకి ముందు టాన్ అంటారు. పురుడు చూసినవాళ్ళు ఇద్దరు సంతకం చెయ్యాలి, బంధువులు పనికిరారు. సోమవారం పదింటికి జీపు వచ్చి ఆ జాబితా పట్టుకుపోతుంది. ఇనరాహన్ ఊళ్ళో సగంమంది టాన్ రుఫీనా చేతుల్లోకి పడ్డవాళ్ళే గనక, ఆవిడ లేకుండా జాబితా లేదు.

హెనారో సంచీ మోస్తూ ఇంటిదాకా వచ్చాడు. గుమ్మం దగ్గర సంచీ దించి, ఆవిడ చెయ్యి అందుకుని వెనకవైపు ముక్కు ఆనించి దణ్ణం పెట్టాడు. అక్కడ పెద్దవాళ్ళకి పిల్లలూ, పురుడు పోసినామెకి ఆమె పోసినవాళ్ళూ ఎంత వయసొచ్చినా అలాగే పెడతారు. పెట్టి, వెంటనే వెళ్ళకుండా నిలబడ్డాడు.

"ఆ సిప్రియానో కూడా వస్తాట్ట మీ దగ్గరికి, సంతకానికి."

టాన్ రుఫీనా సంచీ లోపలికి జరిపింది.

"మీకా, పెద్ద వయసు. వందల పురుళ్ళు. ఒకటి మర్చిపోతే ఎవరూ తప్పు పట్టరు." గొంతు తగ్గించాడు. "గుర్తుంటేనే తప్పు పడతారు."

*

శనివారమంతా టున్ సెవెరో వసారాలో గడిచింది. బల్ల ముందు ఆయన, పక్కన పేము కుర్చీలో టాన్ రుఫీనా. ఆవిడకి తేదీలు గుర్తుండవు. మనిషి ఎదుటికొస్తే మొహం కాదు, నడినెత్తి చూసేది.

"నువ్వా, ఎండుకొబ్బరి పాక ఎగిరిపోయిన తుఫానుకి మర్నాడు. మీ అమ్మ పాక గురించి ఏడుస్తోంది గానీ నొప్పులకి ఏడవలేదు."

"అంటే ఏ సంవత్సరం?" అని టున్ సెవెరో కలం పట్టుకుని ఎదురుచూసేవాడు.

"పాక ఎప్పుడెగిరిందో నీకు తెలీదూ? నీదేగా."

జనం నవ్వేవారు. ఆయన తల గోక్కుని సంవత్సరం రాసేవాడు. కాళ్ళతో పుట్టినవాడు, పేగు మెడకి చుట్టుకుని పుట్టినవాడు, ఎద్దుబండిలో పుట్టి బండి పేరు పెట్టించుకున్నవాడు, ఒక్కొక్కరే వచ్చి, తమ పుట్టుక విని, సిగ్గుపడుతూ చేతికి దణ్ణం పెట్టి వెళ్ళారు. రెండో సాక్షికి ఎవరో ఒక ముసలమ్మ, పక్కింటామె, నీళ్ళు కాచినామె దొరుకుతూనే ఉంది.

మధ్యాహ్నం వసారా ఖాళీ అయ్యాక టున్ సెవెరో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"టాన్ రుఫీనా, ఒక పేరుంది. రాయనా వద్దా అని చూస్తున్నా."

"రాయి. రాయడానికి సంతకమక్కర్లేదుగా."

"రాస్తే సంతకం అడగాలి. అడిగితే మీరు చెప్పాలి." ఆయన కలం మూత పెట్టాడు, తీశాడు. "మీ అల్లుడు పోయిన సంగతి నాకు తెలీనిది కాదు. నా తమ్ముణ్ణీ జపాను వాళ్ళ చాకిరీకి పిలిచాడు సిప్రియానో, అదే చర్చి ముందర. కాగితం లేదని వాణ్ణి పడవెక్కించి, పెరిగిన సైపాన్ దీవికే పంపేస్తే ఈ ఊరికి కొంచెం ఊపిరాడుతుంది."

"సైపాన్లో ఎవరున్నారు వాడికి?"

"తండ్రి యుద్ధంలో పోయాడు. ఎవరూ లేరనుకుంటా." కిటికీలోంచి బయటికి చూశాడు. "పుట్టుక విషయంలో అబద్ధమాడమని నేననను. గుర్తులేదనడం అబద్ధం కాదు గదా."

టాన్ రుఫీనా సంచీ సర్దుకుంది. గుర్తులేకపోవడమా! సిప్రియానో పుట్టిన రోజు ఆవిడకి గుర్తుండడానికి కారణం సిప్రియానో కాదు. తొమ్మిదేళ్ళ కూతురు ఎంగ్రాసియాని చేతిసాయానికి వెంటబెట్టుకెళ్ళింది ఆ రోజు. పిల్ల మరుగుతున్న నీళ్ళ కుండ ఒంటరిగా ఎత్తబోయి ఎడమ ముంజేతి మీద ఒలకబోసుకుంది. అటు ఆ తల్లి మొదటి కాన్పు, ఇటు తన కూతురి కేకలు. ఆవిడ తల్లి దగ్గరే ఉండిపోయింది. బిడ్డ బైటపడ్డాకే కూతురి చేతికి నూనె రాసింది. ఆ మచ్చ ఇప్పటికీ మడతపడ్డ గుడ్డలాగ ఉంది. ముప్పయ్యెనిమిదేళ్ళ ఎంగ్రాసియా ముంజేతిని చూసినప్పుడల్లా తల్లి మనసులో చిన్న అపరాధం మెదులుతుంది.

ఆ ఇంట్లో ఉన్న మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ పోయారు. తల్లీ పోయింది. పుట్టుక చూసినవాళ్ళలో మిగిలింది తనూ, తన కూతురూ.

*

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే సిప్రియానో వచ్చాడు, మేనత్త వెనకాల. ఆ మేనత్త, టాన్ బ్రిహిదా, ఆకులో చుట్టిన చేప తెచ్చింది. జైలు నుంచి వాడొచ్చిన ఈ నాలుగు నెలలూ తన వంటపాకలో ఉంచుకున్నందుకు ఆవిడతో చర్చిలో ఎవరూ ఒకే బల్ల మీద కూర్చోవడం లేదు.

టాన్ రుఫీనా మెట్ల కింద కూర్చుని సీమపనస కాయలు తొక్క తీస్తోంది. చేతులనిండా తెల్లటి జిగురు పాలు. ఎంగ్రాసియా కొంచెం అవతల, కొబ్బరి కోరే బల్ల మీద కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చుని, ఇనప నాలుక మీద చిప్ప తిప్పుతోంది. వచ్చినవాళ్ళని చూసి తిప్పడం ఆపలేదు. కరకర మరికాస్త వేగంగా సాగింది.

సిప్రియానో వంగి, దణ్ణానికి చెయ్యి అందుకోబోయాడు.

"జిగురు" అంది టాన్ రుఫీనా, చేతులు ఒళ్ళోకి లాక్కుని.

నిజానికి జిగురుంటే ఎవరూ చెయ్యి ఆపరు. మణికట్టు చాపుతారు. ఆ సంగతి నలుగురికీ తెలుసు. వాడు వంగినవాడు వంగినట్టే ఒక్క క్షణం ఉండి లేచాడు. ఇరవై తొమ్మిదేళ్ళకే చెంపలు పీక్కుపోయి ఉన్నాయి.

"వదినా, వీణ్ణి వీడి తల్లి నీ చేతుల్లోనే కన్నది" అంది టాన్ బ్రిహిదా. "నేను సంతకం పెడతానన్నా. మేనత్తవి, చెల్లదన్నారు. ఐదేళ్ళకి తండ్రి సైపాన్ పట్టుకుపోయాడు, జపాను వాళ్ళ కింద పెరిగాడు. ఆ వయసులో వాడేం చేస్తాడు?"

"ఇరవయ్యేళ్ళకి తిరిగొచ్చాడుగా" అంది ఎంగ్రాసియా చిప్ప మీంచి తలెత్తకుండా. "జపాను టోపీ పెట్టుకుని. అప్పుడేం చేశాడో అది చెప్పు."

"విచారణయ్యాక నాలుగేళ్ళు జైలు పడిందమ్మా దానికి."

"ఓహో. నా మొగుడు కూడా నాలుగేళ్ళ తర్వాత తిరిగొచ్చేస్తే సరిపోను, లెక్క సరి."

కోరిన కొబ్బరి గిన్నె నిండి అంచుల మీంచి రాలుతోంది. అయినా ఎంగ్రాసియా ఆపలేదు.

అప్పుడు నోరు విప్పాడు సిప్రియానో. "ఎంగ్రాసియా అక్కా, ఆ రోజు..."

కరకర ఆగింది.

"చెప్పకు" అంది ఎంగ్రాసియా. మొదటిసారి వాడి మొహం చూసింది. "ఇప్పుడు చెప్పావంటే ఈ చిప్ప పెట్టి కొడతాను."

ఆ రోజేమిటో అక్కడ ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. నలభై నాలుగు జూలై, దీవి ఇంకా జపాను సైన్యం చేతిలో ఉంది. వాళ్ళకి దుబాసీగా ఉన్న సిప్రియానో చర్చి ముందర నిలబడి చేతిలో కాగితం చూసి పేర్లు పిలిచాడు. పేరు వినపడ్డవాడు బరువులు మొయ్యడానికి ముందుకి రావాలి. ఎంగ్రాసియా మొగుడు ఆంబ్రోసియో ఒళ్ళు కాలుతుండగా ముందుకొచ్చి, "నాకు జ్వరం, నిలబడలేకపోతున్నా, ఆయనకి చెప్పు" అన్నాడు. సిప్రియానో పక్కనున్న సైనికుడి వైపు తిరిగి జపానుభాషలో ఏదో అన్నాడు. సైనికుడు ఏదో అన్నాడు. ఆంబ్రోసియోని తోసుకుపోయారు. మూడో రోజు కొండదారిలో పడిపోయాడు, లేవలేదు. ఏమన్నాడు సిప్రియానో? జ్వరమని చెప్పాడా? లేదా? ఆ భాష ఊళ్ళో ఇంకెవరికీ రాదు. అప్పటికి ఐదోనెల కడుపుతో ఉన్న ఎంగ్రాసియా, రెండు బారల దూరంలో నిలబడి వాడి పెదాలు కదలడం చూసింది.

సిప్రియానో, మేనత్తా వెళ్ళిపోయాక ఎంగ్రాసియా, "అమ్మా, నువ్వు సంతకం పెడితే నేనీ ఇంట్లో ఉండను" అంది. అరవలేదు. గిన్నె ఎత్తి, రాలిన కొబ్బరి వేళ్ళతో ఏరి మళ్ళీ అందులో వేసి, లోపలికి పోయింది.

తెచ్చిన చేప మెట్టు మీదే ఉండిపోయింది. పిల్లి రాకముందే టాన్ రుఫీనా దాన్ని తీసి ఉప్పు రాసింది. తినే వస్తువు మీద పగేమిటనుకుంది.

*

ఆదివారం పూజ అయ్యాక రేకు చర్చి ముందు జనం గుంపులుగా నిలబడ్డారు. ఎంగ్రాసియా కూతురు చొలెంగ్‌కి అయిదు నిండి ఆరు నడుస్తున్నాయి. తండ్రిని చూడని పిల్ల. పెద్దవాళ్ళు వరసగా కనిపిస్తే ఒకరిని వదిలిపెట్టకుండా దణ్ణం పెట్టుకుపోవడం దానికి ఆటతో సమానం. టున్ సెవెరోకి పెట్టింది, హెనారోకి పెట్టింది, టాన్ బ్రిహిదాకి పెట్టింది. ఆ పక్కనే, నీడలో ఒంటరిగా నిలబడ్డ సిప్రియానో చెయ్యి పట్టుకుంది.

ఎంగ్రాసియా పరుగున వెళ్ళబోయింది. ఆవిడ చేరేలోపలే సిప్రియానో చెయ్యి విడిపించుకుని వీపు వెనక దాచుకున్నాడు. పిల్ల చేతికి నొప్పి తగలకుండా, ఒక్కో వేలూ విప్పి.

"నాకొద్దమ్మా. అవతలి తాతకి పెట్టు" అన్నాడు.

పిల్ల తెల్లబోయి చూసింది. దణ్ణం వద్దన్న పెద్దవాణ్ణి అది చూడడం అదే మొదలు. ఎంగ్రాసియా దాని రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

"నటన చూడండి" అన్నాడు హెనారో గట్టిగానే. "సంతకం కోసం సాధువైపోయాడు."

ఒకరిద్దరు నవ్వారు. ఒకడు ఉమ్మేశాడు. టాన్ రుఫీనా ఆ వేళ్ళ గురించే ఆలోచిస్తూ నడిచింది. ఆ కంగారులో ఒక్కో వేలూ విప్పడం నటించేవాడికి తోచే సంగతి కాదు. అలాగని ఆంబ్రోసియో తిరిగొచ్చే సంగతీ కాదు.

ఇంటి దగ్గర ఎంగ్రాసియా అన్నం తినలేదు. బట్టలు రెండు జతలు మడిచి బుట్టలో పెట్టింది. "మాంగిలావ్‌లో పెద్దమ్మ దగ్గరికి. రేపు నీ జీపు వచ్చినప్పుడే బయల్దేరతా."

"నేనింకా ఏమీ అనలేదే."

"చేప దాచావుగా."

*

సోమవారం తొమ్మిదికే టున్ సెవెరో వసారా నిండిపోయింది. సంతకాలున్నవాళ్ళు కూడా వచ్చారు, చూడ్డానికి. సిప్రియానో రాలేదు. టాన్ బ్రిహిదా ఒక్కతే గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. ఎవరూ కుర్చీ ఇవ్వలేదు. కాసేపటికి టున్ సెవెరో భార్య లోపల్నుంచి పీటొకటి తెచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ఆమె దగ్గర పెట్టి వెళ్ళింది.

"వాడేడీ?" అంది టాన్ రుఫీనా.

"రానన్నాడు." టాన్ బ్రిహిదా పీట ముందుకి జరుపుకుంది. "నీ కూతుర్ని ఇల్లు విడిచిపోయేలా చేసి సంతకం అడగనన్నాడు. మూట కట్టుకుని కూర్చున్నాడు."

హెనారో ఊపిరి వదిలాడు. "మంచిది. అడిగేవాడే లేనప్పుడు చెప్పేదేముంది? టున్ సెవెరో, కాగితం మూసెయ్యండి."

టున్ సెవెరో టాన్ రుఫీనా వైపు చూశాడు. ఆవిడ చేతులు ఒళ్ళో ఉన్నాయి. బైట మామిడిచెట్టు కింద ఎంగ్రాసియా, కాళ్ళ దగ్గర బుట్ట, పక్కన చొలెంగ్. జీపు కోసం నిలబడింది. వసారాలో మాటలన్నీ ఆమెకి వినిపిస్తాయి.

"ఎవరో అడిగారని నేను ఎవరికీ పురుడు పొయ్యలేదు" అంది టాన్ రుఫీనా. "పుట్టినవాణ్ణి పుట్టలేదనడం నా వల్ల కాదు. రాయి. సిప్రియానో. తల్లి రెమెదియోస్. మొదటి కాన్పు, ఉదయం పూట. నడినెత్తి మీద రెండు సుడులు."

ఎవరో "థూ" అన్నారు. హెనారో కుర్చీ వెనక్కి తోశాడు. "మా పిల్లకి పురుడు పోసిన చేత్తోనే..."

"ఆ చేత్తోనే. నీక్కూడా పోసింది ఆ చెయ్యే. కూర్చో."

ఆవిడ సంతకం చేసింది. టున్ సెవెరో అద్దుడుకాగితం అద్ది, ఖాళీగా ఉన్న రెండో గీత మీద వేలు పెట్టాడు. "రెండో సాక్షి?"

టాన్ రుఫీనా తల తిప్పలేదు. కూతుర్ని అడగనని నిన్ననే ఒట్టు పెట్టుకుంది. దూరంగా జీపు గేరు మార్చిన చప్పుడు వినిపించింది.

"ఒక్కటి చెల్లదు" అన్నాడు టున్ సెవెరో, కొంచెం తేలికపడ్డ గొంతుతో. కాగితం మడవబోయాడు.

ఎంగ్రాసియా మెట్లెక్కింది. జనం దారిచ్చారు. బల్ల దగ్గరికొచ్చి, ఎడమ చేతి జాకెట్టు మడత పైకి తోసి, మచ్చ బల్ల మీద పెట్టింది.

"ఇది ఆ రోజుదే. నీళ్ళు మోసింది నేను."

"అమ్మా ఎంగ్రాసియా, నువ్వు..." టున్ సెవెరో కలం వెనక్కి తీసుకున్నాడు. "నీకిష్టం లేకపోతే ఎవరూ..."

"నా ఇష్టం నువ్వు చెప్పకు. కలమియ్యి."

హెనారో అడ్డం వచ్చాడు. "మతిపోయిందా నీకు? వాడు నీ మొగుడి పేరు పిలిచాడు!"

"పిలిచాడు. పిలిచి, ఆ తర్వాత ఇంకో మాటన్నాడు. అదేమిటో ఆరేళ్ళుగా నాకు తెలీదు." ఎంగ్రాసియా కలం సిరాలో ముంచింది. "వీణ్ణి పడవెక్కిస్తే నేను ఎవణ్ణి అడగాలి? సముద్రాన్నా?"

"అయితే ఇప్పుడే అడుగు! చెబితేనే పెట్టు సంతకం!"

"ఇప్పుడడిగితే కాగితం కోసం చెప్తాడు. చెప్పానంటాడు. జ్వరమని చెప్పాను, వాళ్ళు వినలేదంటాడు. నేను నమ్మాలా?" సంతకం నిదానంగా చేసింది, ఒక్క అక్షరమూ కలవకుండా. "ముందు వాడికి కాగితం ఉండాలి. పోయే భయం ఉండకూడదు. అప్పుడు అడుగుతా."

జీపు వచ్చి గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు దిగి, ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా ఎందుకున్నారో తెలీక, టోపీ తీశాడు. టున్ సెవెరో జాబితా కవరులో పెట్టి ఇచ్చాడు. ఎంగ్రాసియా జీపు ఎక్కలేదు. చెట్టు కిందికి వెళ్ళి బుట్ట ఎత్తుకుని, ఇంటిదారి పట్టింది.

*

మంగళవారం చర్చి గంట కొట్టారు. సంతకం పడిందో లేదో ఇంకా తెలీదు, వాషింగ్టన్‌లో అప్పటికి ఇంకా సోమవారమే. అయినా కొట్టారు. ఎవరో టపాకాయలు కూడా కాల్చారు.

కొబ్బరి కోరుతూ ఎంగ్రాసియా బల్ల మీదే ఉంది. సిప్రియానో మెట్లకి నాలుగు బారల దూరంలో ఆగాడు. మేనత్త రాలేదు. టాన్ రుఫీనా కత్తెర తుడుస్తూ గుమ్మంలో ఉంది.

"నిన్న రమ్మన్నావట."

"మీ అత్తతో చెప్పి పంపా. ఆ రోజు ఏమన్నావు నువ్వు?"

ఊళ్ళో మళ్ళీ గంట మోగింది. అది ఆగేదాకా వాడు ఆగాడు.

"జ్వరమని చెప్పలేదు" అన్నాడు. "ఆ మాట నాకొచ్చు. జ్వరమంటే ఇంకొకణ్ణి పిలవమంటారు, లెక్క తగ్గిందని నన్ను కొడతారు. పొద్దున్నే ఒకసారి కొట్టారు. 'ఇతను రెడీ' అని చెప్పా." కళ్ళు నేల మీదే ఉన్నాయి. "అంతే అన్నా. రెండు మాటలు."

ఎంగ్రాసియా చేతిలో చిప్ప అలాగే ఉంది. ముంజేతి మీద మచ్చ ఎర్రబడింది. టాన్ రుఫీనా తుడిచిన కత్తెరే మళ్ళీ తుడిచింది.

"సరే" అంది ఎంగ్రాసియా చివరికి. "తెలిసింది. వెళ్ళు."

వాడు తల వంచి వెనక్కి తిరిగాడు. అప్పటిదాకా కోళ్ళ వెనక తిరుగుతున్న చొలెంగ్, పెద్దవాళ్ళెవరో వెళ్ళిపోతున్నారని చూసి పరుగెత్తుకొచ్చి, వాడి చెయ్యి అందుకుంది. ఆదివారం ఇవ్వని చెయ్యి. వాడు లాక్కోబోయి, ఆగి, మెడ తిప్పి ఎంగ్రాసియా వైపు చూశాడు.

ఎంగ్రాసియా చూస్తోంది. పిల్లని పిలవడానికి నోరు తెరిచింది. మూసింది.

చొలెంగ్ ఆ చేతి మీద ముక్కు ఆనించి, జవాబుగా వచ్చే దీవెన కోసం తలెత్తి నిలబడింది. జవాబు లేకుండా అది కదలదు.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అన్నాడు సిప్రియానో. నేలకేసి అన్న మాట సగమే వినిపించింది. ఆ సగం చాలనుకుని పిల్ల కోళ్ళ దగ్గరికి పరుగెత్తింది.

వాడు మలుపు తిరిగేదాకా కరకర వినపడలేదు. ఆ తర్వాత మొదలైంది, నిదానంగా.